ఎగుమతుల లెక్క చెబుతున్నారు, మన ఊరి సాఫ్ట్‌వేర్ లెక్క ఎవరు చెబుతారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఐటీ శాఖల పెద్దలకు, కంప్యూటర్ పనులకు టెండర్లు పిలిచే ప్రతి శాఖ అధికారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కాకినాడలో పదహారేళ్ళుగా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాను. మేం మొత్తం పదకొండు మందిమి. రైస్ మిల్లులకు కాటా చీటీ నుంచి హమాలీ కూలీ దాకా లెక్కలు చూసే ప్రోగ్రాములు రాస్తాం. రొయ్యల చెరువులకు మేత ఎంత పోశారు, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చింది, నీటికి గాలి అందించే ఎయిరేటర్ల కరెంటుకు ఎంతయింది అన్నది రాసిపెట్టే యాప్ చేశాం. కడియం నర్సరీల్లో మొక్కల స్టాకు, చిన్న నర్సింగ్‌హోముల్లో ఓపీ చీటీలు, ఇలాంటివే మా పనులు. రాజమహేంద్రవరం, భీమవరం, ఏలూరు, ఖమ్మంలలో మాలాంటి సంస్థలవాళ్ళు నాకు తెలుసు. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పనుల్లో మాలాంటి చిన్న సంస్థలకు చోటివ్వండి, చేసిన పనికి వేళకు డబ్బివ్వండి అని అడగడానికి, వాళ్ళతో మాట్లాడి, అందరి మాటా కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

దీని మీదే రెండేళ్ళలో మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మొదటిది రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, జవాబు లేదు. రెండోది స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాం, తీసుకున్నట్టు స్టాంపు వేసి ఇచ్చారు. మూడోది ఆన్‌లైన్లో పెట్టాం. ఇరవై రోజుల తర్వాత ఫోన్‌కి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. మాకు ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

ముందు మీరు చేసిన మంచి చెబుతాను. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి గారు హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పేపర్లో ఆ భవనం ఫొటో చూసే మా నాన్న నన్ను కంప్యూటర్ కోర్సులో చేర్చారు. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2013-14లో 57,258 కోట్ల రూపాయలు ఉంటే, 2022-23 నాటికి 2,41,275 కోట్లకు పెరిగాయి. 2025లో విశాఖలో టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు 21.16 ఎకరాలు ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. ఇవన్నీ రావాల్సినవే. మా ఊరి పిల్లలకు అక్కడ ఉద్యోగాలు వస్తే అందరికంటే ముందు సంతోషించేది మేమే.

మా బాధ ఎక్కడంటే, ఐటీ పెరుగుతోందా అని అడిగితే ఎగుమతుల అంకె ఒక్కటే చూపిస్తున్నారు. ఐటీ కంపెనీల సంఘం నాస్‌కామ్ లెక్క ప్రకారం 2023-24లో దేశం మొత్తం ఐటీ ఆదాయం సుమారు 25,400 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 20,000 కోట్లు ఎగుమతులవే. 140 కోట్ల మంది ఉన్న దేశంలో మనం మనకోసం కొనుక్కున్నది ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగతా దాదాపు నాలుగు వంతులూ పరాయి దేశాల కొనుగోలుదారు ఇష్టం మీద ఆధారపడి ఉన్నాయి. ఆయన చేయి ముడుచుకుంటే మనం ఏమీ చేయలేం. 2025 సెప్టెంబరులో అమెరికా తన దేశంలో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకిచ్చే హెచ్-1బీ వీసా కొత్త దరఖాస్తు మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టిన రాత్రి మా వీధిలో మూడు ఇళ్ళలో లైట్లు ఆరలేదు. అంతకు రెండు నెలల ముందు, దేశంలో అతి పెద్ద ఐటీ సేవల కంపెనీ తన సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే 12 వేలమందికి పైగా, తగ్గిస్తామని ప్రకటించింది. ఏఐ వచ్చాక కొత్తగా చేరేవాళ్ళకు ఇచ్చే చిన్నచిన్న కోడింగ్, టెస్టింగ్ పనులు తగ్గిపోతున్నాయి. ఇక ముందు పెరగడానికి ఎక్కువ చోటు ఉన్నది దేశం లోపలే. ఆ చోటును ఎవరూ దున్నడం లేదు.

లోపలి మార్కెట్ ఎలా పుడుతుందో కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను. యూపీఐ 2016లో వచ్చింది. మా జగన్నాథపురంలో చేపలమ్మే ఆవిడ చాలా కాలం దాన్ని దగ్గరికి రానివ్వలేదు. చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి, ఫోన్ తీసి చూడ్డం కుదరదు, చూసినా చదవడం రాదు. ఒకరోజు ఆవిడ పక్కన చిన్న డబ్బా పెట్టారు. ఎవరు డబ్బు వేసినా అది 'రెండు వందల రూపాయలు వచ్చాయి' అని తెలుగులో గట్టిగా చెబుతుంది. ఆ రోజు నుంచి ఆవిడ బేరం సగం ఫోన్ మీదే నడుస్తోంది. అమ్మే మనిషి చేతినీ, చెవినీ, భాషనీ ఎవరో ఆలోచించి ఆ వస్తువు చేశారు. అలాంటి పని మన జిల్లాల్లో వెయ్యి చోట్ల చేయాల్సి ఉంది. మిల్లులో, మార్కెట్ యార్డులో, చెరువు గట్టు మీద, సహకార సంఘంలో, పంచాయతీ ఆఫీసులో. అది దూరాన కూర్చుని చేసే పని కాదు. గుమాస్తా పక్కన నాలుగు రోజులు కూర్చుంటే గానీ ఆయన చిట్టా ఎలా రాస్తాడో అర్థం కాదు.

ప్రభుత్వం కొంటేనే ఈ మార్కెట్ నిలబడుతుంది. ఇది మనకు కొత్త కూడా కాదు. 1998లోనే రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టింది, 2001లో ఈ-సేవ తెచ్చింది, 2003లో టెండర్లను ఆన్‌లైన్ చేసింది, 2011లో మీసేవ మొదలుపెట్టింది మన ఉమ్మడి రాష్ట్రమే. వేరే రాష్ట్రాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. ఆ పనుల చుట్టూ ఎంతోమంది కుర్రాళ్ళు పని నేర్చుకున్నారు. నేనూ అలా నేర్చుకున్నవాడినే.

ఇప్పుడు ఏం జరుగుతోందో నా సంగతే చెబుతాను. ఎవరి పేరూ రాయను, నాకు మనుషుల మీద కోపం లేదు. 2023లో ఒక ప్రభుత్వ సంస్థ స్టోర్సు లెక్కల కోసం టెండరు పిలిచింది. పని విలువ 38 లక్షలు. అర్హతగా అడిగింది మాత్రం మూడేళ్ళ సగటున ఏటా 20 కోట్ల టర్నోవర్. మేం దరఖాస్తు కూడా పెట్టలేకపోయాం. పని ఒక పెద్ద కంపెనీకి వెళ్ళింది. వాళ్ళు దాన్ని ఇంకొకరికి ఇచ్చారు. ఆయన మా దగ్గరికి వచ్చాడు. మా చేతికి చేరేసరికి అది 11 లక్షల పని అయింది. కోడ్ మొత్తం మా ఆఫీసులో ముగ్గురు రాశారు. ఆ సంస్థ సిబ్బందికి ట్రైనింగ్ మేమే ఇచ్చాం. రాత్రి తొమ్మిదికి స్టోర్ కీపర్ ఫోన్ చేస్తే ఎత్తింది కూడా మేమే. బిల్లు పెట్టాం. మరుసటి నెల 20వ తేదీలోగా 18 శాతం జీఎస్టీ, 1,98,000 రూపాయలు, చేతి నుంచి కట్టాను. బిల్లు డబ్బు మాత్రం రాలేదు. అడిగితే 'పైనుంచి మాకే రాలేదు' అన్నారు. పద్నాలుగు నెలలకు వచ్చింది. ఈలోగా జీతాలు ఆలస్యమై ఇద్దరు మంచి పిల్లలు మానేసి వెళ్ళిపోయారు. నా భార్య గాజులు బ్యాంకులోకి చేరాయి. చేయని అప్పుకు వడ్డీ కట్టినట్టు, రాని డబ్బుకు పన్ను కట్టడం ఎంత కష్టమో చిన్న వ్యాపారం చేసిన ఎవరికైనా తెలుసు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం) ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీతో కట్టాలి. ఫిర్యాదు చేస్తే 90 రోజుల్లో తేల్చడానికి రాష్ట్రాల్లో కౌన్సిళ్ళు ఉన్నాయి. కానీ ఫిర్యాదు చేసినవాడికి మళ్ళీ పని ఎవరిస్తారు? ఆ ఒక్క భయంతో మాలో ఎక్కువమంది నోరు మూసుకుంటున్నారు.

దీనివల్ల నష్టం మా పదకొండు మందితో ఆగడం లేదు.

1. మొదటి దెబ్బ పిల్లల మీద. మా ఆఫీసుకు ఏటా రెండు వందలకు పైగా రెజ్యూమేలు వస్తాయి. నేను తీసుకోగలిగేది ఇద్దరిని. మిగతావాళ్ళు కంప్యూటర్ కోర్సుల కోసం హైదరాబాద్ అమీర్‌పేట బస్సెక్కుతారు. హాస్టల్ అద్దె, కోర్సు ఫీజు, ఖర్చులు ఇంటి నుంచే వెళ్ళాలి. ఆరు నెలలు అనుకున్నది ఏడాదిన్నర అవుతుంది. ఈమధ్య ఒక కౌలు రైతు వాళ్ళబ్బాయిని వెంటపెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు లక్షన్నర తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశారట. 'బాబూ, జీతం వద్దు, పని నేర్పితే చాలు' అన్నారాయన. ఆయనకు కూర్చోమని కుర్చీ వేశాను గానీ ఆ అబ్బాయికి కుర్చీ వేయలేకపోయాను. ఉద్యోగం దొరికిన పిల్లల సంగతి చూసినా, కొత్తవాళ్ళ ఏడాది జీతం మూడు, మూడున్నర లక్షల దగ్గరే పదేళ్ళకు పైగా ఆగిపోయింది. హాస్టల్ అద్దె మాత్రం ఆగలేదు.

2. ఊరు వదిలి వెళ్ళలేని ఆడపిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. మా పదకొండు మందిలో ఆరుగురు ఆడవాళ్ళే. ఒకామెకు అత్తగారికి పక్షవాతం. ఇంకొకామెకు రెండేళ్ళ బాబు. ఇద్దరూ నాకంటే బాగా కోడ్ రాస్తారు. వీళ్ళు హైదరాబాదో బెంగళూరో వెళ్ళి ఉండే పరిస్థితి లేదు. జిల్లాలో పని లేకపోతే వీళ్ళ బీటెక్ పెళ్ళి సంబంధానికి చెప్పుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఎన్ని వేలమంది ఇలా ఇళ్ళలో ఉండిపోయారో ఎవరైనా లెక్కపెట్టారా?

3. 'సర్వర్ డౌన్' అన్న మాట విని వెనక్కి వెళ్ళే రైతుకు ఆ రోజు కూలీ పోతుంది, ఆటో చార్జీ పోతుంది. చెడినదాన్ని బాగుచేసే మనిషి మూడు కంపెనీల అవతల ఉంటాడు. కిందివాడు పైవాడికి ఫిర్యాదు టికెట్ పెట్టాలి, ఆయన ఇంకొకరికి పంపాలి. అదే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు పక్క వీధిలో ఉంటే అరగంటలో వచ్చి చూసేవారు.

4. మిల్లులో, కొట్లో పనిచేసే గుమాస్తాలు. జీఎస్టీ 2017 జూలైలో వచ్చినప్పుడు మా జిల్లాలో వందల కొట్లు కంగారుగా ఏదో ఒక బిల్లింగ్ ప్రోగ్రాం కొనుక్కున్నాయి. దాదాపు అన్నీ ఇంగ్లీషువే. నూక, తౌడు, ఊక అని రాసే చోట కోడ్ నంబర్లు బట్టీపట్టాలి. ముప్ఫై ఏళ్ళు చిట్టా రాసిన పెద్దాయన్ని పక్కన పెట్టి, మేనల్లుణ్ణి కూర్చోబెట్టిన కొట్లు నాకు నాలుగు తెలుసు. ఆయనకు లెక్క రాక కాదు, తెర మీద తెలుగు లేక.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి. ఇందులో ఏ ఒక్కదానికీ ఎకరం భూమి అక్కర్లేదు.

1. 50 లక్షల లోపు సాఫ్ట్‌వేర్ పనులకు టర్నోవర్ నిబంధన ఎత్తేయండి. చిన్న సంస్థలకు టెండరు డిపాజిట్ మినహాయింపు ఇవ్వండి. మా శక్తి తెలుసుకోవాలంటే పదిహేను రోజుల గడువిచ్చి ఒక నమూనా చేసి చూపించమనండి. నచ్చకపోతే పంపించేయండి. కేంద్ర ప్రభుత్వ శాఖలూ, సంస్థలూ ఏటా తమ కొనుగోళ్ళలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలనీ, ఆ 25లో భాగంగా మొత్తం కొనుగోళ్ళలో 3 శాతం మహిళల సంస్థలకు ఉండాలనీ కేంద్రం విధానం పెట్టుకుంది. రెండు రాష్ట్రాలూ సాఫ్ట్‌వేర్ పనులకైనా అదే పద్ధతి పెట్టుకోవచ్చు. పెద్ద పథకాల్లోనూ చిన్న పనులు చాలా ఉంటాయి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు 63 వేలను కంప్యూటరీకరించడానికి 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 2,516 కోట్ల పథకానికి ఒప్పుకుంది. సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా, పాత లెడ్జర్లు ఎక్కించడం, సిబ్బందికి నేర్పడం, చెడితే వెళ్ళి చూడడం జిల్లా సంస్థలు చేయగల పనులే. ఇకమీదట ఇలాంటి ఏ పథకం వచ్చినా ఆ భాగాన్ని విడగొట్టి మాకు పోటీ పడే అవకాశం ఇవ్వండి.

2. బిల్లు 45 రోజుల్లో చెల్లించండి. దాటితే వడ్డీ మేం అడగకుండానే లెక్కకట్టి కలిపేలా మీ బిల్లుల సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టండి. ఆ చిన్న మార్పు కావాలంటే మేమే ఉచితంగా రాసిస్తాం. మొత్తం బిల్లు ఆలస్యమైనా అందులోని జీఎస్టీ భాగం మాత్రం మేం పన్ను కట్టే తేదీకి ముందే విడుదల చేయండి. ఈ రెండో మాట ఒక్కటి ఈ సంవత్సరం అమలుచేసినా చాలా ఆఫీసులు మూతపడకుండా మిగులుతాయి.

3. పని తీసుకున్న కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇస్తే ఆ పేరు, ఇచ్చిన మొత్తం ప్రభుత్వానికి రాసి ఇవ్వాలి. ప్రభుత్వం దాన్ని టెండర్ల పోర్టల్లో పెట్టాలి. ఒక మెట్టు కంటే కిందికి పని దిగకూడదు. కిందివాడికి డబ్బు చేరిందన్న రసీదు చూశాకే పైవాడికి తర్వాతి వాయిదా ఇవ్వాలి. 38 లక్షలు ఎక్కడెక్కడ ఆగి 11 లక్షలు అయ్యాయో తెలుసుకునే హక్కు పన్ను కట్టే ప్రజలకు నాకంటే ఎక్కువగా ఉంది.

4. ప్రజలు, కింది స్థాయి సిబ్బంది వాడే ప్రతి ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉండాలి. పైన రెండు బటన్లకు తెలుగు పేరు పెట్టి వదిలేస్తే సరిపోదు. టైపు చేసింది తెలుగులో వెతికితే దొరకాలి, రసీదు తెలుగులో రావాలి, తప్పు జరిగితే ఆ తప్పేమిటో తెలుగులో చెప్పాలి. 2011 జనగణనలో 8.11 కోట్ల మంది తమ మాతృభాష తెలుగు అని రాయించుకున్నారు. ఇంతమంది ఉన్న మార్కెట్‌కు తెలుగులో పని చేయించాలని ప్రభుత్వం పట్టుబడితే, చేయగల పిల్లలు జిల్లాల్లోనే దొరుకుతారు.

5. చేసిన సాఫ్ట్‌వేర్ కోడ్, దాని వివరాల పుస్తకం ప్రభుత్వం దగ్గర ఉండాలి. కంపెనీ వెళ్ళిపోతే ఇంకొకరు అందుకోగలగాలి.

6. చదువు అయిన పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. మిగతా సగం మొదటి ఏడాది రాష్ట్రం భరించాలని కోరుతున్నాం, ఇరవై మంది లోపు ఉన్న సంస్థలకు మాత్రమే. నేనైతే నలుగురిని తీసుకుంటానని ఈ లేఖలోనే మాట ఇస్తున్నాను. ఖమ్మం, భీమవరం మిత్రులు ఇద్దరిద్దరిని తీసుకుంటామన్నారు. ఆ కౌలు రైతు కొడుకు ఫోన్ నంబరు నా దగ్గర ఇంకా ఉంది.

7. ఏటా ఎగుమతుల అంకె ప్రకటించే రోజునే ఇంకో అంకె కూడా ప్రకటించండి. రాష్ట్రంలో వాడడానికి రాష్ట్రంలోనే తయారైన సాఫ్ట్‌వేర్ ఎంత, జిల్లాలవారీగా ఎంతమందికి పని దొరికింది, ప్రభుత్వం చిన్న సంస్థల నుంచి ఎంత కొన్నది, ఎంత బాకీ ఉంది. లెక్కలో లేని సరుకు ఏ మంత్రి సమీక్షలోనూ చర్చకు రాదు.

ఒక అధికారి మాతో, 'చిన్న సంస్థలు మధ్యలో మూతపడితే పని ఎవరు పూర్తిచేస్తారు?' అన్నారు. న్యాయమైన ప్రశ్న. మేం మూతపడేది పని రాక కొంత, పని చేసిన డబ్బు రాక ఎక్కువ. రెండో డిమాండు అమలైతే ఆ భయం సగం తగ్గుతుంది. మిగతా సగానికి అయిదో డిమాండు ఉంది, కోడ్ మీ దగ్గరే ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే రెండు జిల్లాల్లో ఏడాది పాటు చేసి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి, తెలంగాణలో ఒకటి. బాగోలేకపోతే ఆపేయండి, మేం మళ్ళీ అడగం.

తోటి చిన్న సంస్థల వాళ్ళకు ఒక మాట. చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్లో నమోదు చేసుకోనివాళ్ళు వెంటనే చేసుకోండి, అది లేకపోతే 45 రోజుల చట్టం మనకు వర్తింపజేసుకోవడం కష్టం. మీకు రావాల్సిన బాకీ ఎంత, ఎన్ని నెలలైంది అన్నది కాగితం మీద రాసి పెట్టుకోండి. పేరు బయటికి రాకూడదనుకుంటే అంకె ఒక్కటే పంపండి, అన్నీ కలిపి నేను తీసుకెళతాను.

పెద్దలకు చివరి మనవి. వచ్చే బడ్జెట్‌కు మీ శాఖల ప్రతిపాదనలు వెళ్ళేలోగా మాకు ఒక గంట సమయం ఇవ్వండి. అమరావతికి గానీ హైదరాబాద్‌కు గానీ, ఎక్కడికి రమ్మంటే అక్కడికి మా ఖర్చుతో మేమే వస్తాం. ఆరుగురం వస్తాం, అందులో ఇద్దరు మా ఆఫీసు ఆడపిల్లలు. టెండరు నిబంధనల కాపీలు, బిల్లులు, కట్టిన జీఎస్టీ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వెంట తెస్తాం. ఈసారి 'పరిష్కరించబడింది' అని మెసేజ్ పెట్టేముందు ఒక్కసారి ఫోన్ చేసి మాట్లాడండి.

ఇట్లు,
ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నిర్వాహకుడు, కాకినాడ
రాజమహేంద్రవరం, భీమవరం, ఏలూరు, ఖమ్మం మిత్రుల తరఫున కూడా